మంద పోయాక

ఆవుల్ని అమ్మేసిన ఏడాది మా ఇంట్లో ముందు చప్పుడు ఆగిపోయింది. మాటలు ఆ తర్వాత ఆగాయి.

ఏటా అక్టోబరు చివర, గడ్డి మీద మంచు పేరుకునే వేళకి, మందని మేతబీళ్ళ నుంచి కొట్టంలోకి తోలుకొచ్చేవాళ్ళం. ఆ ఏడాది తోలుకు రావడానికి బదులు లారీలు వచ్చాయి. నా భర్త ఎమిలాన్‌కి తుంటి ఎముకలు రెండూ అరిగిపోయాయి. ఈనలేక అవస్థపడే ఆవు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మాకు పిల్లల్లేరు. వ్యాపారులకి ఇస్తే మందని విడగొట్టి తలా ఒక దిక్కుకి పంపేస్తారు, ముసలివాటిని సరాసరి కబేళాకి తోలేస్తారు. మొత్తం మందని ఒక్కచోటే ఉంచుతానన్నది ఒక్కతే, కోరాలీ. ఆ అమ్మాయి పదేళ్ళ కిందట లియోఁ నగరం నుంచి వచ్చి కొండ వాలుకి అవతల బీళ్ళు కౌలుకి తీసుకుంది. ఆ పదేళ్ళూ ఎమిలాన్ ఆమెని పేరు పెట్టి పిలవలేదు. ‘పట్నం పిల్ల’ అనేవాడు.

"పట్నం పిల్ల గడ్డివాముకి కూడా గొడుగు పడుతుందిట," అని కెఫేలో నవ్వించేవాడు. చివరికి ఆమెకే అమ్మాడు.

లారీలు వచ్చిన రోజు ఒక్కొక్క ఆవూ బల్ల మీదుగా లారీ ఎక్కుతుంటే నడుం మీద చెయ్యి వేసి పేరు చెప్పాడు. కోరాలీ పక్కన నిలబడి ఆ పేర్లు తనలో తను అనుకుంటూ వింది. నేను మలుపు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాను, ఏదీ పక్కకి తప్పుకుపోకుండా. అన్నీ నా ముందు నుంచే వెళ్ళాయి. వాటిలో సగం నేను సీసాతో పాలు పట్టి బతికించినవే. తల్లి తన్నేసినవీ, కవలల్లో బక్కవీ, ముర్రుపాలు అందక నాలుక చల్లబడినవీ. అవి నా వంక చూడలేదు. ఆవులు అలా చూడవు, అవి ముందు నడిచే ఆవు తోక చూస్తాయి.

వియోలెట్ ఒక్కటే మిగిలింది. కుంటిది, వయసైపోయింది, లారీ ఎక్కించడానికి పశువుల డాక్టరు ఒప్పుకోలేదు. రెండు వారాలకి మా ఊరి కసాయి బార్నబే వచ్చి దాన్ని తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత కొట్టంలో ఏమీ లేదు.

ఆవులున్న ఇల్లు రాత్రీ పగలూ ఊపిరి పీలుస్తూ ఉంటుంది. గొలుసు కదులుతుంది, ఏదో ఒకటి దగ్గుతుంది, నెమరు వేసే చప్పుడు గోడలోంచి వినిపిస్తూనే ఉంటుంది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు దానివల్ల నిద్రపట్టేది కాదు. ఇప్పుడు అది లేక పట్టడం లేదు. ఆ సంగతి ఎమిలాన్‌తో అందామనుకున్నాను. కానీ ఆయన అప్పటికే మాట్లాడడం మానేశాడు.

కోపం కాదు. కోపమైతే నాకు తెలుసు, దానికి మందు ఉంది. ఇది వేరు. పొద్దున్నే లేచి, బూట్లు తొడుక్కుని, ఖాళీ కొట్టంలోకి వెళ్ళి బోర్లించిన బక్కెట్టు మీద కూర్చునేవాడు. మధ్యాహ్నం పిలిస్తే వచ్చి సగం తిని మళ్ళీ వెళ్ళేవాడు. గడ్డం పెరిగింది. కెఫేలో పేకాటకి మనిషి తక్కువై ఇద్దరు ముగ్గురు కబురు పెట్టారు, వెళ్ళలేదు.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?" అని ఒకరోజు అడిగాను.

"ఏమీ లేదు," అన్నాడు. అది నిజమే.

మా పై ఊళ్ళో ఒకాయన మంద అమ్మేసిన చలికాలంలోనే తన కొట్టంలో చనిపోయాడు. ఎలాగన్నది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా వంటగది గోడకి వేట తుపాకీ ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దాన్ని తీస్తే తెలిసిపోతుందని తీయలేదు. తూటాల పెట్టె మాత్రం అలమారలోంచి తీసి, మూలనున్న పెద్ద పిండి డబ్బా జరిపి, దాని వెనక దాచాను. ఎందుకు దాస్తున్నానని నన్ను నేను కూడా అడగలేదు.

నవంబరు సగం గడిచింది. మా వైపు ఒక రివాజు ఉంది. మందని మొత్తంగా కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ ఇంట్లో ఒక పూట భోజనం చేయాలి. లేకపోతే పశువులు కొత్త చోట కుదురుకోవంటారు. ఎమిలాన్ దాని ఊసెత్తలేదు. కోరాలీకి ఎలాగూ తెలియదు. ఒక గురువారం నేనే కోటు వేసుకుని కొండ వాలు దాటి వెళ్ళాను.

వాళ్ళ కొట్టం ఇంకా కనబడకముందే మా ఆవుల గొంతులు వినబడ్డాయి. మేత వేళ అది. అడుగు ముందుకి పడలేదు, కాసేపు కంచె పట్టుకుని నిలబడ్డాను. కోరాలీ ఎండుగడ్డి పంగలకర్రతో బయటికి వచ్చి నన్ను చూసింది. పొట్టి మనిషి, బుగ్గలు చలికి ఎర్రగా పగిలి ఉన్నాయి.

"మదాం బ్లాందీన్. రండి, లోపలికి రండి. చూద్దురుగాని, మీ వాటినన్నిటినీ కిటికీ పక్కన కట్టాను."

"వద్దులేమ్మా. మంచి చెప్పులేసుకొచ్చాను."

ఆమె నా చెప్పుల వంక చూసింది. అవి పాతవే.

"శనివారం సాయంత్రం మా ఇంటికి భోజనానికి రావాలి," అన్నాను.

"ఆయన పిలిచారా?"

"నేను పిలుస్తున్నాను."

"నన్ను చూసి తలుపేసుకుంటారేమో."

"ఆ తలుపు నాది కూడా."

కోరాలీ నవ్వింది. నవ్వాగిపోయాక అడిగింది, "ఎలా ఉన్నారు ఆయన?"

"నువ్వే వచ్చి చూద్దువుగాని," అన్నాను. ‘మీరెలా ఉన్నారు’ అని ఆమె అడగలేదు. అడగలేదని నాకు దారిలో తోచింది, సగం దూరం వచ్చాక.

ఇంటికొచ్చి ఎమిలాన్‌కి చెప్పాను. ఆయన సూపులో రొట్టె ముంచుతున్నాడు. రొట్టె అలాగే నానిపోయింది.

"పట్నం పిల్లని నా బల్ల దగ్గరికి పిలిచావా?"

"కొన్నవాళ్ళకి పెట్టాలి. మీ అమ్మ ఉంటే మొదటి వారమే పెట్టేది."

"మా అమ్మ మందని అమ్మలేదు."

"నేను వండుతాను. కూర్చోవడం కూర్చోకపోవడం నీ ఇష్టం."

ఆయన గిన్నె పక్కకి నెట్టి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. అయినా ఆ పూట ఆయన నోట వచ్చినన్ని మాటలు ఆ నెలంతా రాలేదు. నాకు కొంచెం ఊపిరాడింది.

శుక్రవారం బార్నబే కొట్టుకి వెళ్ళాను. ఆయనకి మెడ ఉండదు, భుజాల మీదే తలకాయ, గొంతు మాత్రం పెళ్ళికూతురి గొంతులా సన్నం.

"జబ్బ మాంసం కావాలి. వైనులో వండడానికి. ముగ్గురికి."

"ముగ్గురా? చుట్టాలొచ్చారా బ్లాందీన్?"

"కోరాలీ వస్తోంది."

ఆయన కత్తి కింద పెట్టాడు. వెనకాల గోడ మీద నల్లబల్ల ఉంటుంది, ఆ వారం అమ్మే మాంసం ఎవరి మందలోదో దాని మీద సుద్దతో రాస్తాడు. అక్కడ మా ఇంటిపేరు ఉంది. నేను చూశానని ఆయన చూశాడు.

"రెండు వారాలు వేలాడదీశాను. ఇవాళే కోశాను," అన్నాడు. "నీకు వేరేది కావాలంటే మంగళవారం దాకా ఆగాలి మరి."

"ఇదే ఇవ్వు."

"ఎమిలాన్‌కి చెప్తావా?"

"ఆయన ఎప్పుడు తినలేదు గనక? మా పెళ్ళి విందులో కూడా మా కోడెనే తిన్నాం."

"అప్పుడు కొట్టంలో ఇంకా ముప్పై ఉన్నాయి," అన్నాడు బార్నబే. తూకం చూడకుండానే ఇంకో ముక్క కోసి కలిపాడు. ఎముక కూడా ఒకటి పెట్టాడు, రసం చిక్కబడుతుందని.

ఆ సాయంత్రం జబ్బని పెద్ద పెద్ద ముక్కలు కోశాను. మధ్యలో తెల్లటి నరం ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయకూడదు, కరిగి బంకలా మారి రసానికి చిక్కదనాన్నిచ్చేది అదే. క్యారెట్లు, ఉల్లిపాయ, నలక్కొట్టిన వెల్లుల్లి, మిరియాలు, దారంతో కట్టిన మసాలా ఆకుల కట్ట వేసి, మునిగేదాకా ఎర్ర వైను పోసి, మట్టిపాత్రలో చల్లటి గదిలో పెట్టాను. వియోలెట్ పుట్టిన చలికాలం నాకు గుర్తుంది. వాళ్ళమ్మకి పాలు పడలేదు. దాన్ని వంటగదిలో ఇదే పొయ్యి ముందు గోనెపట్టా మీద పడుకోబెట్టుకుని సీసా పట్టాను. మాంసం మీద మూత పెడుతున్నప్పుడు చెయ్యి ఆగలేదు. ఆగుతుందేమోనని నేనే చూశాను. ఆగలేదు.

శనివారం మధ్యాహ్నం ముక్కలు తీసి గుడ్డతో తడి అద్దాను. తడి ఉంటే వేగదు, ఉడికిపోతుంది. పోత ఇనప దాకలో ఉప్పు పట్టించిన పంది కొవ్వు కరిగించి కొన్ని కొన్నిగా అన్ని వైపులా ముదురు రంగు వచ్చేదాకా వేయించాను, పిండి జల్లాను, వైను వడగట్టి పోశాను. అది బుసబుసమని పొంగింది. మా అత్తగారు ఈ కూర నేర్పుతూ అనేది, ‘ఇది చిరునవ్వు నవ్వాలి బ్లాందీన్, పగలబడి నవ్వకూడదు.’ అందుకని పొయ్యిలో కట్టెలు రెండు వెనక్కి లాగి, దాక అంచుకి జరిపి, మూత వేశాను. మూత కింద అప్పుడొకటి అప్పుడొకటి బుడగ చిట్లే చప్పుడు. అన్ని వారాల్లో ఆ ఇంట్లో మొదటిసారి ఏదో ఒకటి ప్రాణంతో ఉన్నట్టనిపించింది.

పుట్టగొడుగులు తుడుస్తుంటే ఎమిలాన్ వచ్చాడు. వేళ కాని వేళ. కోటు తీయకుండా పొయ్యి దగ్గర నిలబడ్డాడు. వాసన ఇల్లంతా పట్టింది, కొట్టం దాకా పోయి ఉంటుంది. చాలాసేపు దాక వంకే చూశాడు.

"పిండి డబ్బా చోటు మారింది," అన్నాడు.

నా చేతిలో గుడ్డ ఆగింది. ఆయన నా వంక చూడలేదు.

"నేల మీద గీతలు పడ్డాయి. బరువైంది కదా, నువ్వొక్కతివే జరిపావు."

"ఎప్పుడు చూశావు?"

"పెట్టిన మర్నాడే." దాక మూత సర్దాడు. "నేను వెతకలేదు బ్లాందీన్. అలమార తీశాను, లేవు. అంతే, మళ్ళీ వేసేశాను."

అలమార ఎందుకు తీశావని నేను అడగలేదు. దాకలో బుడగ ఒకటి చిట్లింది, కాసేపటికి ఇంకొకటి.

"మంట కొంచెం ఎక్కువైనట్టుంది," అన్నాడు. వంగలేక వంగి, ఒక కట్టె వెనక్కి లాగాడు. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్ళాడు. నేను పుట్టగొడుగులు తుడవడం మొదలుపెట్టాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను.

చీకటి పడుతుంటే కోరాలీ వచ్చింది. జుట్టు దువ్వుకుంది, చేతిలో వైను సీసా, కాళ్ళకి మాత్రం కొట్టం బూట్లే. గుమ్మంలోనే విప్పేసి మేజోళ్ళతో లోపలికి వచ్చింది. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగుంది. ఎమిలాన్ కిందికి వచ్చాడు. గడ్డం గీయలేదు గానీ చొక్కా మార్చుకున్నాడు. తలాడించి, తన కుర్చీలో కూర్చున్నాడు.

"చలి ఎక్కువైంది," అంది కోరాలీ.

"నవంబరు," అన్నాడు ఎమిలాన్.

అంతే. నేను ఉడికించిన బంగాళాదుంపలు పెట్టాను, దాక తెచ్చి బల్ల మధ్య పెట్టి మూత తీశాను. కోరాలీ కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. మాంసం చెంచాతో విడిపోతోంది. రసం నల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. చిన్నుల్లిపాయలు వెన్నలో వేయించి చివర్లో వేశాను, అవి ఒక్కటీ చితకలేదు. నిజం చెప్పాలంటే అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

ఎమిలాన్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఫోర్కు పళ్ళెం అంచున ఆనించాడు.

"ఎవరిది?" అన్నాడు.

కోరాలీకి అర్థం కాలేదు. నా వంక చూసింది.

"వియోలెట్," అన్నాను.

కోరాలీ చేతిలోని రొట్టెముక్క కింద పెట్టింది. ఆయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఎటు వెళ్తాడో అనుకున్నాను. ఆయన ఫోర్కు తీసుకుని ఇంకో ముక్క తిన్నాడు. నెమ్మదిగా, మొత్తం నమిలి మింగాడు.

"బాగా మేసింది," అన్నాడు. "వాగు పక్క బీడులోది. ఆ గడ్డి వేరు."

"వాగు పక్కదంటే, పైన గూళ్ళున్న చెట్లున్నాయే, అదా?" అంది కోరాలీ జాగ్రత్తగా.

"అది కాదు. దాని కింద. నీకు తెలీదులే." రొట్టె తుంచాడు. "మిమోజా దీని కూతురే. నీ దగ్గర చూలుతో ఉందిగా."

"దాని గురించే అడగాలనుకుంటున్నాను ఎమిలాన్ గారూ. తుంటి ఇరుకుగా ఉంది. తొలి చూలు. డాక్టరు అప్పుడే పొట్ట కోత అంటున్నాడు."

"కోతా? వాడి మొహం. వాళ్ళమ్మకీ ఇరుకే. వాళ్ళమ్మమ్మకీ ఇరుకే. తొందరపడి లాగితేనే చస్తాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టు, ఎడమ వైపుకి, ఊరుకో. పెంట తవ్వుకో, గోళ్ళు కత్తిరించుకో, ఏదన్నా చెయ్యి, దాని వంక మాత్రం చూడకు. చూస్తే బిగుసుకుంటుంది."

"చూడకుండా ఎలా తెలుస్తుంది?"

"చెవులు లేవా నీకు? లియోఁలో చెవులు అమ్మేసుకొచ్చావా?"

కోరాలీ పకపకా నవ్వింది. ఎమిలాన్ నవ్వలేదు గానీ ఆమె గ్లాసులో వైను పోశాడు. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఒక్కొక్క ఆవు, దాని తల్లి, దాని అమ్మమ్మ, ఏది గొలుసు తెంపుతుంది, ఏది పక్కదాని మేత లాక్కుంటుంది, ఏ ఆవు ఏ చలికాలంలో చావు తప్పించుకుంది, అన్నీ. కోరాలీ వేలితో బల్ల మీద గీతలు గీస్తూ వింది.

"కొకెత్ చచ్చి బతికింది," అన్నాడు ఆయన. "పుట్టినప్పుడు చల్లగా ఉంది, రాయిలాగా. ఎట్లా బతికిందో ఏమిటో."

ఎట్లా బతికిందో నాకు తెలుసు. నా కోటు కప్పి, తల ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంటే బతికింది. నేను బంగాళాదుంపల పళ్ళెం తీసుకుని వంటపొయ్యి దగ్గరికి వెళ్ళాను. పళ్ళెం నిండుగానే ఉంది. వేడిగానే ఉంది. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను, వాళ్ళవైపు వీపు పెట్టి. ఆయన గొంతు నా వెనక గలగలా పారుతోంది. అంటే మాటలు ఆయనలో ఎండిపోలేదు. అన్నీ అలాగే ఉన్నాయి. నాకోసం లేవు, అంతే.

వెళ్తూ బూట్లు తొడుక్కుంటూ కోరాలీ అడిగింది, "ఈనే వేళకి ఒకసారి వస్తారా?"

"చూద్దాం," అన్నాడు ఎమిలాన్.

మర్నాడు నేను లేచేసరికి స్నానాల గదిలో గడ్డం గీసిన వెంట్రుకలున్నాయి. గుమ్మం దగ్గర బూట్లు లేవు.

ఆ చలికాలం ఆయన బతికాడు. అది నేను ముందే చెప్పాలి, ఎందుకంటే దానికోసమే నేను ఆ కూర వండాను, దానికోసం వియోలెట్‌నే కాదు, ఇంకేదైనా వండేదాన్నే. రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని కొండ వాలు దాటి వెళ్ళేవాడు. మధ్యాహ్నం అక్కడే ఏదో తినేవాడు. చీకటి పడ్డాక వచ్చి, సూపు తాగి, కుర్చీలోనే కునుకు తీసేవాడు. ఒంటి మీద ఆవుల వాసన. మాటలు అక్కడే ఖర్చయిపోయేవి.

"నీ మొగుడు మళ్ళీ మనిషయ్యాడే," అంది రొట్టెల కొట్టు ఆవిడ. "నీ వంట మహిమట. బార్నబే చెప్పాడు."

"అవును," అన్నాను.

దాక కడిగి, తుడిచి, పై అరలో పెట్టేశాను. మధ్యాహ్నాలు రొట్టె, జున్ను తినేదాన్ని, కిటికీ దగ్గర నిలబడే. ఒక్క మనిషికి బల్ల మీద పళ్ళెం పెట్టుకోవడం ఎందుకో చేతకాలేదు. ఒకరోజు పాలు కాచుకుని సీసాలు ఉంచే బీరువా తీశాను, పొరపాటున, చెయ్యి అలవాటు మీద వెళ్ళింది. రబ్బరు పాలపీకలు వరసగా బోర్లించి ఉన్నాయి, ఎండి బీటలు వారుతున్నాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ సీసాలు ఆరిన రోజు నా పెళ్ళయ్యాక లేదు. మంద పోయింది ఎమిలాన్‌ది అని ఊరంతా అంది. నేను కూడా అన్నాను.

క్రిస్మస్ అయిపోయింది. జనవరి ఆఖర్లో మిమోజా కోత లేకుండానే ఈనింది. ఆ సంగతి నాకు బార్నబే చెప్పాడు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి, వాన మంచుగా మారుతున్న ఒక మధ్యాహ్నం, తలుపు చప్పుడైంది. ఎమిలాన్. ఆ వేళకి ఎప్పుడూ రాడు. టోపీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను, చేతిలో రొట్టె.

"ఏం తింటున్నావు?"

"ఇదే."

ఆయన బల్ల వంక చూశాడు. దాని మీద ఏమీ లేదు. పొయ్యి వంక చూశాడు. అందులో ఒక్క కట్టె కాలుతోంది.

"రోజూ ఇదేనా?"

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.

"మిమోజా దూడ పాలు తాగట్లేదు. మూడు రోజులు బానే తాగింది, నిన్నట్నుంచి మానేసింది. కోరాలీ పట్టింది, నేను పట్టాను. దవడ బిగించేస్తోంది."

"నన్ను రమ్మందా?"

"లేదు. ఆ అమ్మాయికేం తెలుసు."

"డాక్టరు అన్నాడా?"

"ఎవరూ అనలేదు." టోపీ ఇంకోసారి తిప్పాడు. "నాకే అనిపించింది. పొద్దున దాని నోట్లో వేలు పెట్టి కూర్చున్నాను, చాలాసేపు. నువ్వెప్పుడూ ఏదో అనేదానివి వాటితో. ఏమనేదానివో గుర్తు తెచ్చుకుందామని చూశాను. నాకు తెలీలేదు. ఇన్నేళ్ళూ నేను గోడ అవతలే ఉన్నాను, విన్లేదు."

కిటికీ అద్దం మీద వాన కొడుతోంది.

"ఏమీ అనేదాన్ని కాదు," అన్నాను. "ఉత్తినే ఊ కొట్టేదాన్ని."

బీరువా తీసి, బీటలు పడని పాలపీక ఒకటి ఏరి, కోటు వేసుకున్నాను.

కోరాలీ కొట్టంలో వెచ్చగా, చీకటిగా ఉంది. మా ఆవులన్నీ నిజంగానే కిటికీ పక్కనే ఉన్నాయి. కొకెత్ మోర ఎత్తి నా చేయి నాకింది, ఉప్పు కోసం. దాని నాలుక ఎప్పటిలాగే గరుకు. దూడ చివరి గదిలో గడ్డి మీద పడి ఉంది, చెవులు వేలాడేసుకుని. కోరాలీ లేచి నాకు చోటిచ్చింది. గడ్డిలో కూర్చుని దూడ తల ఒళ్ళోకి తీసుకున్నాను. వేళ్ళు నోట్లో పెట్టాను. నాలుక కింద ఒక పుండు తగిలింది, చిన్నది, గడ్డిపరక గుచ్చుకుని అయిన పుండు. దానికి తగలకుండా పాలపీక పక్క నుంచి పెట్టి, ఊ కొడుతూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. పాలు నా మణికట్టు మీదుగా కారాయి. తర్వాత గొంతు ఒక్కసారి కదిలింది. ఇంకోసారి.

అప్పుడు ఏడుపొచ్చింది. లారీల రోజున రానిది, బార్నబే వియోలెట్‌ని తీసుకెళ్ళినప్పుడు రానిది. దూడ మెడ మీద మొహం పెట్టుకుని ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడవాలనుకున్నాను, కుదరలేదు. కోరాలీ బక్కెట్టు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఎమిలాన్ గొలుసు బిగిస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. వెళ్ళలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా అలాగే ఉన్నాడు. అప్పుడు జేబులోంచి రుమాలు తీసి, ఇటు చూడకుండానే చెయ్యి చాపాడు.

"అవి నీవి కూడా," అన్నాడు గొలుసుతో.

ఇంటికి వచ్చేటప్పుడు వాన ఆగింది. బీళ్ళ మధ్య కాలిబాట సన్నం, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఆయన ముందు, నేను వెనక. మా వైపు చివర వచ్చే మనిషే గేటు మూయాలి, అందుకని పెళ్ళయిన నాటి నుంచీ ప్రతి గేటూ నేనే మూశాను. కొండ వాలు మీద గేటు దగ్గర ఎమిలాన్ ఆగాడు. గేటు తీసి, పక్కకి తప్పుకుని, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. నేను ముందు దాటాను. వెనకాల గడియ పడిన చప్పుడు వినిపించింది.